లోపల వదిలిన గుడ్డ

పొద్దున టైలరు షాపు షట్టరు ఎత్తకముందు మా పెదనాన్న చెప్పులు విడిచి, లోపలి గది గుమ్మానికి వీపు ఆనించి నిలబడతాడు. పెద్దమ్మ పీట ఎక్కి, కోతకు వాడే చెక్క స్కేలును ఆయన నడినెత్తి మీద అడ్డంగా పెట్టి, గుమ్మం చెక్క మీద సుద్దతో సన్నటి గీత గీస్తుంది. తర్వాత టేపు నేల దాకా దించి అంకె చదువుతుంది.

“గడ్డం దించండి. మెడ సాగదీస్తే ఎత్తు పెరగరు.”

“సాగదీయట్లేదే. నా మెడే అంత.”

“నలభై ఏళ్ళుగా చూస్తున్నా మీ మెడని. దించండి.”

ఆయన దించుతాడు. పెద్దమ్మ చెప్పిన అంకెను కొలతల పుస్తకం చివరి పేజీలో తేదీ వేసి రాసుకుంటాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పక్క వీధుల వాళ్ళ భుజాలూ, నడుములూ, మణికట్లూ కొలిచిన మనిషికి తన కొలత మాత్రం తనకు అందదు. టేపు పట్టుకుని వంగితే ఆ వంగడంలోనే కొలత మారిపోతుంది.

షాపు సన్నగా, పొడుగ్గా రైలు పెట్టెలా ఉంటుంది. ముందు కోత బల్ల, దాని అంచు సరిగ్గా పెదనాన్న తుంటి దగ్గరికి వస్తుంది. బల్ల వెనక మోటారు బిగించిన కుట్టు మిషను. కిటికీ పక్క కుర్చీలో పెద్దమ్మ కాజాలు తీస్తూ, అంచులు కుడుతూ, వచ్చిపోయే వాళ్ళ చెప్పుల్ని బట్టి మనిషిని చెబుతుంటుంది. ఆయన కోస్తాడు, ఆమె ముగిస్తుంది. ఇద్దరి మధ్యా పనిలో గొడవ వచ్చిందంటే అది ఎప్పుడూ బొత్తాల దగ్గరే.

పెదనాన్నకు అరవై ఆరో ఏట ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ బయటపడింది. రాత్రీ పగలూ గంటకోసారి ఒంటేలుకు లేచి వెళ్ళడంతో మొదలైంది. డాక్టరు రేడియేషన్ ఇచ్చి, ఆ తర్వాత మూడు నెలలకోసారి ఒక ఇంజెక్షను పెట్టాడు. మగవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోనును ఆపేస్తే ఆ గ్రంథిలోని రోగానికి తిండి ఉండదట. ఇంజెక్షను తన పని తను చేసింది. దాంతోపాటు ఇంకొన్ని పనులూ చేసింది. ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిరి లేచి, చొక్కా తడిసిపోయేది. పెద్దమ్మ విసనకర్ర అందిస్తూ, “పదిహేనేళ్ళ కిందట నేను ఇలాగే విసురుకుంటుంటే నవ్వారు గుర్తుందా?” అనేది.

“అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు క్షమాపణ అడగనా?”

“వద్దు. విసురుకోండి చాలు.”

ఒక ఏడాది గడిచాక పెదనాన్న తన కోటు ఒకటి పెట్టెలోంచి తీసి వేసుకున్నాడు. అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. కోటు ముందు భాగం వేలాడుతోంది, వెనక అంచు పైకి ఎగిరింది, కాలరు మెడను అంటుకోకుండా దూరంగా నిలబడింది. ఇంకెవరైనా అయితే బట్ట పాతబడిందనుకునేవాళ్ళు. వీపు వంగిన మనిషికి నిటారు మనిషి కోటు తొడిగితే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అలాంటి వాళ్ళకు వెనక పొడవు పెంచి, ముందు పొడవు తగ్గించి కోయాలి. ఆ అద్దంలో ఉన్నది అలాంటి మనిషి.

పెద్దమ్మ చేత కొలిపించుకున్నాడు. షాపు తెరిచిన కొత్తలో ఆమెకు టేపు పట్టడం నేర్పుతూ మొదటి కొలత తనదే తీయించాడు. అప్పుడు అరవై ఆరు అంగుళాలు. ఇప్పుడు అరవై అయిదు.

“నేను తప్పు కోయలేదే,” అన్నాడు. “నేనే పొట్టినయ్యాను.”

ఆసుపత్రిలో ఎముకల బలం చూసే స్కాను తీశారు. హార్మోను ఆగిపోతే ఎముకలు పలచబడతాయనీ, ఆయనవి బాగానే పలచబడ్డాయనీ డాక్టరు చెప్పాడు. ఇంజెక్షను ఇచ్చే సిస్టరు ఒక కాగితం మీద అన్నీ విడివిడిగా రాసిచ్చింది: కాల్షియం బిళ్ళ రోజుకొకటి, అన్నం తిన్నాక. విటమిన్ డి గుళిక వారానికొకటి, ఆదివారం. పాలూ పెరుగూ మానొద్దు. రోజూ అరగంట నడక. కింద పడొద్దు.

చివరి మాట కింద రెండు గీతలు గీసింది.

పెదనాన్న ఆ కాగితాన్ని బుద్ధిగా చదివాడు. తప్పు చదవలేదు. ఏం జరిగిందో అర్థం కావాలంటే ఆయన కుట్టు గురించి ఒక సంగతి చెప్పాలి.

పెదనాన్న ఏ బట్ట కుట్టినా లోపల కుట్టు పక్కన రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదులుతాడు. పైకి కనబడదు. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో ఆ మనిషి ఒళ్ళు చేసి, పొట్ట పట్టుకుని మళ్ళీ వస్తాడు. అప్పుడు పెదనాన్న పాత కుట్టు విప్పి, లోపలి గుడ్డను బయటికి తెచ్చి, అదే ప్యాంటును అదే మనిషికి సరిపెడతాడు. ఊళ్ళో ఆయనకున్న పేరంతా దానివల్లే. “మనిషి ఒక్కలా ఉండడు. గుడ్డ ముందే సిద్ధంగా ఉండాలి,” అంటాడు. గుడ్డ తమకు మిగుల్చుకుని బిగుతుగా కుట్టే టైలర్లంటే ఆయనకు పట్టరాని కోపం.

అలాంటి మనిషికి వారానికొక్క గుళిక అంటే పిసినారి కోతలా తోచింది. ఎముకలు పలచబడుతున్నాయని వాళ్ళే అంటున్నారు, మరి కొంచెం లోపల ఎక్కువ ఉంచుకుంటే ఏం పోయింది? గుళిక రోజుకొకటి చేశాడు. కాల్షియం రెండు చేశాడు.

మిగిలింది మావయ్య నింపాడు. మావయ్య పెద్దమ్మకు తమ్ముడు, రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసేవాడు. రోజుకు మూడొందల మందిని పలకరిస్తే అందులో పదిమంది ఏదో ఒక వైద్యం చెప్పకుండా వదలరు. ప్రతి సెలవు రోజూ ఒక సీసాతో దిగేవాడు. పాలల్లో కలిపే ఎముకల పొడి ఒకటి. చప్పరించే తియ్యటి బిళ్ళలు ఒకటి. మగవాళ్ళ ఆరోగ్యానికంటూ నీలం సీసా ఒకటి.

“బావా, ఈ సీసా మీద ముసలాయన్ని చూడు. కొండెక్కేస్తున్నాడు!”

“ఎక్కనీ. వాడికి ఫోటో తీసినవాడు ఇంకా పైనున్నాడుగా. వాడు ఏ సీసా తాగాడో కనుక్కున్నావా?”

“నీకు మంచి చెయ్యబోవడం నాదే తప్పు.”

“తప్పని ఎవరన్నారు? ఇటియ్యి.”

ఆ సీసాల్లోనూ, పొడిలోనూ మళ్ళీ అదే కాల్షియం, అదే విటమిన్ ఉన్నాయి. వెనక చీమలంత అక్షరాల్లో రాసి ఉంది కూడా. ఎవరూ చూడలేదు. పెదనాన్న పన్నెండు గళ్ళ బొత్తాల పెట్టె ఒకటి ఖాళీ చేసి, బిళ్ళలన్నీ రకాల వారీగా అందులో సర్దుకున్నాడు. పెద్దమ్మ ఒకసారి చొక్కా బొత్తాం కోసం ఆ పెట్టె తెరిచి, తెల్ల బిళ్ళ చేతిలోకి తీసుకుని, “దీనికి రంధ్రాలేవీ?” అంది. ఆ నెలంతా ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు.

నాలుగో నెలలో పెదనాన్నకు దాహం మొదలైంది. బల్ల మీద చెంబు పెట్టుకుని తాగేవాడు. తాగిందంతా గంటకోసారి బయటికి పంపేవాడు. ఆకలి పోయింది, మలబద్ధకం వచ్చింది, మధ్యాహ్నం కత్తెర చేత్తో పట్టుకునే కునుకు తీసేవాడు. అడిగితే ఎండ అనేవాడు. ఎండ లేని రోజున వయసు అనేవాడు.

ఆ రోజుల్లోనే మావయ్య ఉద్యోగ విరమణ దగ్గరపడింది. ఆ రోజు వేసుకోవడానికి గళ్ళ కోటు ఒకటి బావ చేత్తో కోయించుకోవాలని ఆయన ముచ్చట. గుడ్డ తనే ఎంచి తెచ్చాడు. గళ్ళ గుడ్డను రెండు మడతలుగా వేసి కోయకూడదు, గళ్ళు కలవవు. ఒక్కో చెయ్యీ విడిగా కోయాలి. ఎడమ చెయ్యి కోశాక, చేతి ఆకారంలో కత్తిరించి పెట్టుకున్న కాగితాన్ని తిప్పి పెట్టి కుడిది కోయాలి. పెదనాన్న కాగితం తిప్పలేదు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి.

ఆ రెండు ముక్కల్నీ బల్ల మీద పరిచి, తిప్పి, మళ్ళీ పరిచి చూసుకున్నాడట. మిగిలిన గుడ్డలో ఇంకో చెయ్యి రాదు. ముప్పై ఎనిమిదేళ్ళలో జరగనిది జరిగింది. ముక్కల్ని చుట్టి బల్ల కింద లైనింగు గుడ్డల అడుగున దాచాడు. మావయ్య కోటు చూసుకోవడానికి వస్తే, “ఇంకో వారం,” అన్నాడు.

పెదనాన్న మనసులో లెక్క తేలిపోయింది. గంటకోసారి లేవడంతోనే రోగం మొదట వచ్చింది. ఇప్పుడూ అదే. అది మళ్ళీ లేచి, ఎముకల్లోకి పాకి, తలకూ ఎక్కింది. ఇంజెక్షను రోజు వస్తే వచ్చే వారం వెళ్దామన్నాడు. ఆ వారం వస్తే ఆ పై వారమన్నాడు. డాక్టరు నోటి వెంట ఆ మాట వినడం ఆయనకు ఇష్టం లేదు.

ఒక మధ్యాహ్నం మావయ్యతో, గొంతు మామూలుగానే పెట్టి, “మీ అక్కకి ఈ మోటారు చప్పుడు పడదురా. తర్వాత్తర్వాత ఇది తీయించేసి తొక్కుడు మిషను పెట్టించు. కాలికి కూడా మంచిది,” అన్నాడు.

“తర్వాత్తర్వాత అంటే ఎప్పుడు బావా?” అంటూ మావయ్య నవ్వబోయాడు. పెదనాన్న తలెత్తలేదు. మావయ్య నవ్వు మధ్యలో ఆగిపోయింది.

మర్నాడు లైనింగు కోసం వంగిన పెద్దమ్మకు ఆ చుట్ట దొరికింది. విప్పి బల్ల మీద పెట్టింది.

“ఇవేంటి?”

“చేతులు.”

“ఎవరివి?”

“మీ తమ్ముడివి.”

“మా తమ్ముడికి రెండూ ఎడమ చేతులేనా?”

పెదనాన్న పెదవి కదిలింది గాని నవ్వు రాలేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

“కాగితం తిప్పాననే అనుకున్నానే. ఇప్పటికీ తిప్పినట్టే గుర్తుంది.” ముక్కల్ని దగ్గరికి లాక్కుని, “అది మళ్ళీ వచ్చింది. నీకు చెప్పలేదు,” అన్నాడు.

“డాక్టరు చెప్పాడా?”

“డాక్టరు చెప్పేదేంటి? నా ఒళ్ళు నాకు తెలీదా?”

“తెలీదు,” అంది పెద్దమ్మ. “మీ ఎత్తే మీరు కొలుచుకోలేరు, రోగాన్ని కొలుస్తారా? లేవండి.”

షట్టరు దించి తాళం వేసింది. సాయంత్రం దాకా ఆసుపత్రిలోనే ఉండాల్సి వస్తుందని, మందుల వేళ తప్పకూడదని, బొత్తాల పెట్టెను సంచిలో పెట్టుకుంది. ఆ పెట్టె వెంట తీసుకెళ్ళడమే ఆ రోజు జరిగిన మేలు.

ఆసుపత్రిలో ఆ సిస్టరే ఉంది. పొట్టి మనిషి, గడియారం చొక్కాకు పిన్నుతో గుచ్చుకుని ఉంటుంది, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపిస్తుంది. రక్తం తీసి పంపింది. రెండు గంటల తర్వాత కాగితం పట్టుకుని వచ్చి, “మాస్టారూ, మీ రక్తంలో కాల్షియం చాలా ఎక్కువుంది. ఏమేం వేసుకుంటున్నారు?” అని అడిగింది.

“మీరు రాసినవే.”

పెద్దమ్మ సంచిలోంచి పెట్టె తీసి మంచం మీద తెరిచింది. సిస్టరు గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. గుళికలు నిండుగా ఉన్న అయిదో గడి దగ్గర వేలు ఆగింది.

“ఇది వారానికొక్కటి కదా. రోజూ వేస్తున్నారా?”

“వారానికొకటంటే మరీ బిగుతు అనిపించింది,” అన్నాడు పెదనాన్న. “కొంచెం లోపల ఎక్కువ ఉంచుకుంటే, కావలసినప్పుడు వాడుకోవచ్చని.”

“లోపలేంటి?”

పెద్దమ్మ ఆయన చొక్కా అంచు తిప్పి, కుట్టు పక్కన వదిలిన గుడ్డ చూపించింది. సిస్టరు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. కోప్పడదామని వచ్చిన మనిషి మంచం అంచున కూర్చుంది.

“మాస్టారూ, మీ గుడ్డ ఎక్కువైతే మడిచి పెడతారు. ఒళ్ళు దీన్ని మడిచి పెట్టుకోలేదు. ఎక్కువైన విటమిను తిండిలోంచి కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తుంది. ఎముకకి చేరాల్సింది రక్తంలో తిరుగుతోంది. దాహం అందుకే. గంటకోసారి వెళ్ళడం అందుకే. పాపం మీ కిడ్నీలు ఎంత తోడుతాయి?”

“మరి అది మళ్ళీ రాలేదా?”

“డాక్టరు రానీండి.”

డాక్టరు రావడానికి, మిగతా పరీక్షలు రావడానికి మర్నాటి దాకా పట్టింది. ఆ రాత్రంతా పెదనాన్న చేతికి సెలైను ఎక్కుతూనే ఉంది. పెద్దమ్మ పక్కన కూర్చుని, ఖాళీగా ఉండలేక, ఆసుపత్రి దుప్పటికి ఊడిపోయిన అంచు కుట్టేసింది. డాక్టరు వచ్చి ఆ గ్రంథికి సంబంధించిన రక్త పరీక్ష ఎప్పటిలాగే తక్కువగా ఉందనీ, ఎముకల ఫోటోలో కొత్త మచ్చలేవీ లేవనీ, రోగం ఎక్కడిది అక్కడే ఉందనీ చెప్పి వెళ్ళిపోయాడు. పెదనాన్న సిస్టరును పిలిచాడు.

“మరి ఆ చెయ్యి?”

“ఏ చెయ్యి మాస్టారూ?”

“రెండో ఎడమ చెయ్యి.” కోటు సంగతంతా చెప్పాడు.

“రక్తంలో అంత కాల్షియం ఉంటే తల మందగించదా? అదీ దానివల్లే అయ్యుంటుంది.”

“అయితే తప్పు నా చేతిది కాదు.”

“చేతిది కాదు. మీ లోపలి గుడ్డది,” అంది సిస్టరు, సెలైను సీసా మారుస్తూ.

పెదనాన్న గోడ వైపు తిరిగాడు. దుప్పటి కింద భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో పెద్దమ్మ చూడబోలేదు, సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది.

సాయంత్రం మావయ్య వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. దారిలోనే ఫోనులో అక్క చెప్పింది విన్నాడు. టికెట్లు చూపించమని మూడొందల మందిని గద్దించే మనిషి లోపలికి రావడానికి జంకాడు.

“బావా, నేను...”

“లోపలికి రా. సీసాలేమీ లేవుగా?”

మావయ్య రెండు జేబులూ బయటికి తిప్పి చూపించాడు. ఖాళీ. వచ్చి మంచం చివర కూర్చుని, దుప్పటి మీంచే బావ పాదం పట్టుకున్నాడు.

“నువ్వు తెచ్చావు. మింగింది నేను. వదిలెయ్యి,” అన్నాడు పెదనాన్న. “నీ కోటుకి కుడి చెయ్యి లేదు, ముందు ఆ ఏడుపు ఏడు.”

బిళ్ళలన్నీ కొంతకాలం ఆపేశారు. రక్తం మామూలుకు వచ్చాక సిస్టరు మళ్ళీ కాగితం రాసింది. ఈసారి ముందు పెదనాన్న రోజంతా ఏం తింటాడో అడిగి, పాలూ పెరుగూ గుడ్లూ లెక్కేసి, వాటితో రాని కాస్త కాల్షియానికే బిళ్ళ రాసింది. నీలం సీసా గురించి పెద్దమ్మ అడిగితే, అలాంటివి ఏ కొత్తది వేసుకున్నా ముందు తనకు చూపించాలంది. రోగం మీద వాటివల్ల మేలు జరుగుతుందని తేలలేదు, కొన్ని కీడు చేస్తాయి కూడా అంది. కొండెక్కే ముసలాయన చెత్తబుట్టలోకి దిగాడు.

ఎముకలు గట్టిపడేందుకు ఏడాదికోసారి ఎక్కించే మందు ఒకటి ఉందని డాక్టరు అన్నాడు. అది మొదలుపెట్టాక పన్ను పీకితే దవడ ఎముక మానడం కష్టమట, అందుకని ముందే పళ్ళ డాక్టరుకు చూపించమన్నారు. పళ్ళ డాక్టరు అద్దం పెట్టి చూసి, “ఈ ముందు పళ్ళతో ఏం చేస్తారండీ?” అని అడిగాడు.

“దారం తెంపుతా. గుండుసూదులు పట్టుకుంటా.”

“ఎన్నాళ్ళుగా?”

“ముప్పై ఎనిమిదేళ్ళు.”

పగులు పట్టిన పన్ను ఒకటి తీసి, ఆ చోటు మానేదాకా ఆగి, అప్పుడు మందు ఎక్కించారు. పెద్దమ్మ పాత లైనింగు ముక్కలో దూది కూరి, మణికట్టుకు కట్టుకునే సూదుల దిండు కుట్టి ఇచ్చింది. అయినా అలవాటుగా గుండుసూది నోటి దాకా వెళ్తుంది. కిటికీ పక్కనుంచి పెద్దమ్మ గొంతు సవరించుకుంటుంది. సూది తిరిగి దిండులోకి వెళ్తుంది.

షాపు నేల మీద ఇప్పుడు ఒక్క పేలిక కూడా ఉండదు, కాలు జారుతుందని. మూలన పడి ఉన్న పాత ఇనప ఇస్త్రీ పెట్టె బయటికి వచ్చింది. ఎముకలకు బలమని దాన్ని పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు ఎత్తి దించుతాడు. మొదటి వారం పదిహేను చేయబోయి, పెద్దమ్మ చూపు తగిలి పదితో ఆపాడు. బట్టల్లో మాత్రం రెండు వేళ్ళ గుడ్డ వదలడం మానలేదు.

మావయ్య కోటుకు అదే గళ్ళ గుడ్డ మళ్ళీ దొరకలేదు. దాని దగ్గర రంగు గుడ్డ తెచ్చి పెదనాన్న కుడి చెయ్యి కోశాడు. లోపల దీపం కింద తేడా తెలియదు. వెలుతురులోకి వస్తే కుడి చెయ్యి కాస్త పచ్చగా కొడుతుంది. విరమణ సభలో మావయ్య ప్రతి మనిషికీ ఆ చెయ్యి ఎత్తి చూపించాడు.

“చూశారా, రంగు తేడా? ఇది మా బావ నాకు వేసిన జరిమానా. టికెట్ లేని సీసాలు ఎక్కించినందుకు.”

పెదనాన్నకు ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. ఇంజెక్షను మళ్ళీ మూడు నెలలకోసారి తప్పకుండా పెట్టించుకుంటున్నాడు. పొద్దుటి పూట మాత్రమే కోస్తాడు, అదీ ఎత్తు స్టూలు మీద కూర్చుని. గుళిక ఆదివారం ఒక్కటే. ఇవాళ పుస్తకంలో రాసిన అంకె అరవై నాలుగున్నర, నాలుగు నెలలుగా అదే.